చీము కణమా, ట్రైకోమొనాసా: స్టెయినింగ్ బెంచి డైరీ

యోని స్రావం స్వాబ్‌లో ట్రైకోమొనాస్ వజైనాలిస్‌ను (లైంగికంగా సోకే ఏకకణ పరాన్నజీవి) గుర్తుపట్టే స్టెయిన్లన్నిటినీ (కణాలకు పట్టించే రంగులు) ఒకే బెంచి మీద, ఒకే నమూనాతో పక్కపక్కన పెట్టి చూడటం ఈ ప్రాజెక్టు పని. వెట్ మౌంట్ (స్వాబ్‌ను సెలైన్ చుక్కలో కలిపి నేరుగా చూడటం) ఉండగా స్టెయిన్ దేనికని ఎవరైనా అడుగుతారు. ఎన్ఏఏటీ (జన్యుపదార్థాన్ని పట్టే) పరీక్షతో పోలిస్తే వెట్ మౌంట్‌లో దొరికేవి 44 నుంచి 68 శాతం కేసులే. అదీ స్వాబ్ తీసిన వెంటనే చూస్తే. గంట ఆలస్యమైతే ఇంకో 20 శాతం దాకా చేజారతాయి. కదలిక ఆగిన ట్రైకోమొనాస్ గుండ్రంగా ముడుచుకుని చీము కణాల (న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాల) మధ్య కలిసిపోతుంది. పీహెచ్‌సీలో పొద్దున తీసిన స్వాబ్ జిల్లా ల్యాబుకు మధ్యాహ్నం చేరితే వెట్ మౌంట్‌కు ఇక పనిలేదు. స్వాబ్ తీసిన చోటే స్మియర్ (స్లైడు మీద పలచటి పొర) వేసి, ఫిక్స్ చేసి (కణాలు చెడకుండా నిలిపి) పంపిన స్లైడు మాత్రం చెడదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తెల్లబట్ట అని వస్తే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) పద్ధతిలో లక్షణాలు చూసి ఆకుపచ్చ కిట్ (కిట్-2: సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకోనజోల్ 150 మి.గ్రా.) ఇచ్చి పంపుతారు. అందువల్ల ల్యాబుకు స్లైడు రావడమే తక్కువ. వచ్చేది కిట్‌తో తగ్గనప్పుడు, తగ్గి మళ్లీ వచ్చినప్పుడు. అంటే చూసే కంటికి అలవాటు తక్కువ, చూడాల్సిన స్లైడు కష్టమైనది.

1వ రోజు. బఫర్, రంగులు

ముందు బఫర్, అంటే పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం. మంచి రంగు పొడి తెచ్చి బోరు నీళ్లలో కలిపితే డబ్బు దండగ. సోరెన్‌సన్ ఫాస్ఫేట్ స్టాకులు రెండు, ఒక్కొక్కటి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో: డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 9.47 గ్రాములు ఒకదానిలో, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 9.08 గ్రాములు రెండోదానిలో. ఇక్కడ చాలామంది జారిపడతారు. 9.47 అనేది నీటి అణువులు లేని అన్‌హైడ్రస్ ఉప్పు లెక్క. సీసా మీద డైహైడ్రేట్ అని ఉంటే 11.87 గ్రాములు తూచాలి. డోడెకాహైడ్రేట్ అయితే 24 గ్రాములకు కాస్త తక్కువ. లేబుల్ చూడకుండా తూచి, పీహెచ్ కుదరడం లేదని మీటరును తిట్టుకోవడం మామూలే.

రెండు స్టాకులూ సగం సగం కలిపితే పీహెచ్ 6.8. మొదటిది 72 మి.లీ., రెండోది 28 మి.లీ. కలిపితే 7.2. వాడేముందు ఈ మిశ్రమం 50 మి.లీ. తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేయాలి.

జీమ్సా స్టాకు: పొడి 3.8 గ్రాములు, మెథనాల్ 250 మి.లీ., గ్లిజరాల్ 250 మి.లీ. పూర్తిగా ఆరిన గోధుమ రంగు సీసాలో గాజు పూసలు వేసి, మెథనాల్ పోసి, పొడి వేసి గిలకొట్టి, ఆ తర్వాత గ్లిజరాల్. ఆ రోజు అరగంటకోసారి అయిదు నిమిషాలు ఊపాలి. తర్వాత రెండు మూడు రోజులు గుర్తొచ్చినప్పుడల్లా. సీసాలో చుక్క నీరున్నా స్టాకు పాడైపోతుంది. తడి పిపెట్ పెట్టకూడదు.

లీష్మన్: 0.15 గ్రాముల పొడి, ఎసిటోన్ లేని మెథనాల్ 100 మి.లీ. 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో మూడు నాలుగు రోజులు మగ్గనివ్వాలి. కలిపిన రోజే వాడితే కేంద్రకాలు వెలవెలబోతాయి.

3వ రోజు. కల్చర్

అన్ని స్టెయిన్లకూ ఒకే నమూనా కావాలంటే రోగుల స్వాబ్‌లు చాలవు, కల్చర్ (ల్యాబులో పెంచిన ట్రైకోమొనాస్) కావాలి. 1957లో డైమండ్ ఇచ్చిన టీవైఎం మీడియం ఇప్పటికీ అదే. లీటరుకు ట్రిప్టికేస్ 20 గ్రాములు, యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 10, మాల్టోజ్ 5, సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ 1, ఆస్కార్బిక్ ఆమ్లం 0.2, రెండు పొటాషియం ఫాస్ఫేట్లూ 0.8 చొప్పున, అగార్ 0.5. పీహెచ్ 6.0కు దించి, ఆటోక్లేవ్ చేసి, చల్లారాక 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసిన సీరం పదో వంతు కలపాలి. స్క్రూక్యాప్ ట్యూబులను అంచు దాకా నింపాలి, దీనికి గాలి గిట్టదు. ఇన్‌క్యుబేటర్ 37 డిగ్రీలు.

స్మియర్లకు 24 నుంచి 48 గంటల వయసున్న కల్చర్ మాత్రమే. మూడు రోజులు దాటితే మీడియం పులిసి, కణాలు ఉబ్బి గుండ్రమవుతాయి. అలాంటి ట్యూబుతో ఏ స్టెయిన్‌నూ తూచకూడదు. తప్పు రంగుది కాదు.

4వ రోజు. వెట్ మౌంట్, పోలిక కోసం

0.85 శాతం సెలైన్‌ను 37 డిగ్రీలకు వెచ్చబెట్టి ఒక చుక్క. స్వాబ్‌ను అందులో తిప్పి, కవర్‌స్లిప్ వేసి, 10ఎక్స్‌తో వెతికి 40ఎక్స్‌తో ఖాయం చేసుకోవాలి. కండెన్సర్ దించి, ఐరిస్ సగం మూయాలి. వెలుతురు ఎక్కువైతే అసలు కనిపించదు.

కదిలే తీరు ఒకసారి చూస్తే మరవలేం. బ్యాక్టీరియాలా దూసుకుపోదు. ఉన్నచోటే ఉలిక్కిపడినట్టు కుదుపుతూ, అటూ ఇటూ దొర్లుతూ, చుట్టూ ఉన్న చీము కణాలను మోచేత్తో తోసినట్టు కదిలిస్తుంది. పరాన్నజీవి కంటే ముందు ఊగుతున్న చీము కణమే కంట పడుతుంది. స్లైడు చల్లబడ్డాక కుదుపు ఆగుతుంది. ఒక పక్కన తరంగిత త్వచం (కణం అంచున ఉండే పలచని పొర) మాత్రం అల అలగా కదులుతూ ఉంటుంది, దాని మీద కన్నుంచితే ఇంకాసేపు దొరుకుతుంది.

సెలైన్‌లో 0.1 శాతం సాఫ్రనిన్ కలిపీ చూశాం. చీము కణాలు వెంటనే గులాబీ రంగు పట్టాయి, బతికున్న ట్రైకోమొనాస్ రంగు పట్టకుండా తెల్లగా మిగిలింది. పావుగంట తర్వాత చచ్చినవీ రంగు తాగేస్తాయి, తేడా పోతుంది. ఖర్చు లేదు, ఆ రోజుకు పనికొచ్చే చిట్కా.

స్వాబ్‌ను ఫ్రిజ్‌లో పెట్టి పంపే అలవాటు మానాలి. చలికి కదలిక ముందే చస్తుంది. గది ఉష్ణోగ్రతే మేలు.

6వ రోజు. అసలు కథ ఆరబెట్టడంలో

నాలుగు రకాలుగా స్మియర్లు వేశాం: మందంగా వేసి నెమ్మదిగా ఆరనిచ్చినవి, పలచగా వేసి చేత్తో ఊపి ఆరబెట్టినవి, మంట మీద వేడిచేసి ఫిక్స్ చేసినవి, ఆరకుండానే 95 శాతం ఇథనాల్‌లో ముంచినవి. అన్నిటికీ జీమ్సా ఒక్కటే.

మందపాటి స్మియర్‌లో పియర్ కాయ ఆకారం ఒక్కటీ లేదు. కారణం ఉప్పు. నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన చుక్కలో సెలైన్ గాఢమవుతుంది. కణం ముడుచుకుని, కశాభాలు (ఈదడానికి వాడే కొరడాల్లాంటి దారాలు) లోపలికి లాక్కుని బంతి అవుతుంది. అదే స్లైడు అంచున, పలచగా పడి క్షణాల్లో ఆరినచోట మాత్రం తోకతో సహా నిలిచింది. మంట మీద పెట్టినవాటిలో ఉన్నదంతా ఊదా మరకలే. ఇథనాల్‌లో తడిగా ముంచినవాటిలో కణం ఆకారం బాగుంది కానీ జీమ్సాకు రంగు చాలలేదు. ఆ ఫిక్సింగ్ పాప్‌కు (గర్భాశయ ముఖద్వారం స్మియర్లకు వాడే స్టెయిన్) కుదురుతుంది.

అందువల్ల ఖాయం చేసుకున్నది ఇది. స్వాబ్‌ను స్లైడు మీద రుద్దకూడదు, దొర్లించాలి. రుద్దితే కేంద్రకాలు దారాల్లా సాగుతాయి. పొర కింద అచ్చు అక్షరాలు చదవగలిగేంత పలచగా ఉండాలి. ఫ్యాను గాలికి ఆరగానే మెథనాల్. కల్చర్ నుంచి వేసేటప్పుడు మీడియం ప్రోటీన్ నీలం తెరలా పట్టకుండా సెంట్రిఫ్యూజ్‌లో 500 జీ వద్ద 5 నిమిషాలు తిప్పి, మడ్డిని కొద్దిపాటి సెలైన్‌లో కలిపి, చుక్క సీరం వేయాలి. సీరం లేకపోతే కడిగేటప్పుడు సగం కణాలు సింక్‌లోకి పోతాయి.

ఇంకోటి. ఆరబెట్టిన స్మియర్లను రాత్రి మూత లేకుండా వదిలేస్తే పొద్దునకు ఈగలు, బొద్దింకలు నాకేసి ఉంటాయి. ఏ పుస్తకంలోనైనా ఒక వాక్యంలో దాటేస్తారు, ల్యాబులో మాత్రం ఒక రోజు పని పోతుంది.

8వ రోజు. లీష్మన్

రక్తపు స్మియర్లు చేసే ప్రతి ల్యాబులోనూ సీసా సిద్ధంగా ఉంటుంది కనుక మొదట దీన్నే పట్టుకున్నాం. రాక్ మీద స్లైడు పెట్టి, లీష్మన్ నిండుగా పోసి 2 నిమిషాలు. ఇందులోని మెథనాలే ఫిక్స్ చేస్తుంది కాబట్టి విడిగా ఫిక్స్ చేయక్కర్లేదు. పోసిన రంగు ఎంతో దానికి రెట్టింపు 6.8 బఫర్ పోసి, డ్రాపర్‌తో గాలి ఊది కలిపి, 8 నుంచి 10 నిమిషాలు.

కడగడంలోనే చెడగొడతారు. రంగును ఒంపేసి ఆ తర్వాత నీళ్లు పోస్తే, పైన తేలే మెరుపు తెట్టు మొత్తం స్మియర్ మీద అంటుకుంటుంది. అది కణాల మీద నల్ల చుక్కలై, ట్రైకోమొనాస్ రేణువుల్లాగే కనిపిస్తుంది. స్లైడును పడుకోబెట్టే బఫర్ పోసి, తెట్టు తేలిపోయాక నిలబెట్టాలి. వేసవిలో ఈ రెండు నిమిషాల్లోనే మెథనాల్ అంచుల్లో ఆవిరైపోతుంది, రంగు గడ్డకడుతుంది. మూత వేసిన పెట్టెలో చేస్తే ఆ బాధ లేదు.

కణద్రవ్యం లేత నీలం, కేంద్రకం ఊదా. పని జరిగిపోతుంది. కశాభాలు మాత్రం మూడో వంతు కణాల్లో కూడా స్పష్టంగా లేవు.

9, 10వ రోజులు. జీమ్సా

మెథనాల్ 3 నిమిషాలు, ఆరనివ్వాలి. స్టాకును వడగట్టి 7.2 బఫర్‌లో రెండు పలచనలు: ఒక వంతుకు తొమ్మిది వంతులు కలిపి 20 నిమిషాలు, ఒక వంతుకు పంతొమ్మిది వంతులు కలిపి 45 నిమిషాలు. కలిపిన రంగు గంటలోపు వాడేయాలి, మర్నాటికి దాచినది రంగు కాదు, మడ్డి. కాప్లిన్ జార్‌లో స్లైడు నిలబెట్టే చేయాలి, తెట్టు సమస్య తగ్గుతుంది.

వేగంగా చేసినది రోజువారీకి చాలు. నెమ్మదిదానిలో కశాభాలు తేలాయి. 100ఎక్స్ ఆయిల్ కింద ఒక ఫీల్డు ఇలా ఉంది. లేత నీలం రంగు పియర్ కాయ, అంచులు కాస్త నురగలా. వెడల్పు వైపు, మధ్యలో కాకుండా ఓ పక్కకు, బాదం గింజలాంటి ఎర్ర ఊదా కేంద్రకం. దాని ముందు నుంచి నాలుగు సన్నటి గులాబీ దారాలు, రెండు కలిసిపోయి మూడుగా కనిపిస్తున్నాయి. మధ్యలోంచి వెన్నెముకలా ఒక పలచని గీత, ఆక్సోస్టైల్, వెనక వైపు ముల్లులా పొడుచుకు వచ్చింది. గీత వెంబడి ముదురు చుక్కల వరస, అవి హైడ్రోజినోజోములు (కణానికి శక్తినిచ్చే రేణువులు). ఒక పక్క తరంగిత త్వచం కణం సగం దాటాక ఆగిపోయింది.

ఆ ఆగిపోవడం ముఖ్యం. మలం కలిసిన నమూనాలో దీని బంధువు, పేగుల్లో ఉండే పెంటాట్రైకోమొనాస్ హోమినిస్ రావచ్చు. దాని త్వచం కణం చివరిదాకా వెళ్లి, ఆ తర్వాత తోకలా కశాభం విడిగా వేలాడుతుంది. మూత్రంలో, పసిపిల్లల నమూనాల్లో ఈ తేడా చూడకుండా రిపోర్టు రాస్తే చాలా దూరం పోయే తప్పవుతుంది.

నేపథ్యం అంతా గులాబీ అయితే బఫర్ ఆమ్లం వైపు ఒరిగింది. అంతా నీలమై కేంద్రకం ముద్దలా ఉంటే క్షారం వైపు, లేదా స్మియర్ మందం. రంగు సమయం పెంచి సరిచేయాలని చూడొద్దు. కొత్త బఫర్ కలపడమే దారి.

12వ రోజు. చీము కణాలు కలిపి

ఉత్త కల్చర్ స్లైడులో ట్రైకోమొనాస్‌ను ఎవరైనా పడతారు. అసలు పరీక్ష చీము కణాల మధ్య. మిగిలిపోయిన ఈడీటీఏ (గడ్డకట్టకుండా చేసిన) రక్తం నుంచి బఫీ కోటు (తెల్లరక్త కణాల పొర) తీసి కల్చర్ మడ్డితో కలిపి వెంటనే స్మియర్ వేశాం. ఆలస్యం చేస్తే న్యూట్రోఫిల్స్ ట్రైకోమొనాస్‌ను కొరికి చంపడం మొదలుపెడతాయి, లెక్క తారుమారవుతుంది.

సైజు నమ్మొద్దు. ట్రైకోమొనాస్ 10 నుంచి 20 మైక్రాన్లు, న్యూట్రోఫిల్ కూడా ఇంచుమించు అంతే. కేంద్రకాన్ని నమ్మాలి. న్యూట్రోఫిల్‌ది ముదురుగా, తమ్మెలు తమ్మెలుగా ఉంటుంది. చావబోయే న్యూట్రోఫిల్‌లో ఆ తమ్మెలు విడివిడి నల్ల ఉండలవుతాయి. ట్రైకోమొనాస్‌ది ఎప్పుడూ ఒక్కటే, లేతది, పక్కకు జరిగినది. పారాబేసల్ ఎపిథీలియల్ కణం (యోని లోపలి పొర కణం) ఇంకో మోసగాడు. దాని కేంద్రకం గుండ్రంగా, మధ్యలో, స్ఫుటమైన అంచుతో ఉంటుంది. ఈ మూడింటినీ విడదీయలేని కంటికి ఏ స్టెయిన్ ఇచ్చినా వృథా.

13వ రోజు. గ్రామ్, క్లుప్తంగా

పని చేయలేదు. చేయదని తెలిసే చేశాం. వేడి ఫిక్సింగ్, ఎసిటోన్-ఆల్కహాల్ కలిసి కణాన్ని కుదిస్తాయి. ఆ తర్వాత సాఫ్రనిన్ చీము కణాన్నీ ట్రైకోమొనాస్‌నూ ఒకే ఎర్ర ముద్దలు చేస్తుంది. గ్రామ్ స్లైడు చూసి ‘ట్రైకోమొనాస్ లేదు’ అని రాయకూడదు. అయినా ఆ స్లైడును పారేయొద్దు, నూజెంట్ స్కోరుకు (స్లైడులోని బ్యాక్టీరియా రకాలను లెక్కించి వేసే మార్కు) అదే కావాలి: 7 నుంచి 10 వస్తే బ్యాక్టీరియల్ వజైనోసిస్ (యోనిలో బ్యాక్టీరియా సమతుల్యం చెడటం). ఆ స్థితీ ట్రైకోమొనాసూ తరచు జంటగా ఉంటాయి కనుక ఆ స్కోరు చూశాక రెండో స్లైడును ఇంకాస్త ఓపిగ్గా వెతకాలి.

15వ రోజు. ఆక్రిడిన్ ఆరెంజ్

0.01 శాతం, అంటే 100 మి.లీ. అసిటేట్ బఫర్‌లో 10 మి.గ్రా., పీహెచ్ 3.5 నుంచి 4 మధ్య. మెథనాల్‌లో ఫిక్స్ చేసిన స్మియర్ మీద 2 నిమిషాలు, నీళ్లతో కడిగి, ఆరబెట్టి చూడటమే. టీబీ ఆరమిన్ స్లైడ్ల కోసం పెట్టిన నీలి ఎల్ఈడీ మైక్రోస్కోపే దీనికీ సరిపోయింది. బ్యారియర్ ఫిల్టర్ ఎరుపు కాంతిని వదిలే రకం కావాలి.

ఇది ఆర్ఎన్ఏతో కలిస్తే ఎరుపు, డీఎన్ఏతో కలిస్తే ఆకుపచ్చ వెలుగు ఇస్తుంది. ట్రైకోమొనాస్ కణద్రవ్యంలో ఆర్ఎన్ఏ దండిగా ఉంటుంది కాబట్టి ఇటుక ఎరుపు ఒంటిలో పసుపుపచ్చ కేంద్రకం. న్యూట్రోఫిల్‌లో మెరిసే ఆకుపచ్చ తమ్మెలు, చుట్టూ దాదాపు ఏమీ లేదు. 40ఎక్స్‌లోనే దొరుకుతాయి, ఆయిల్ ఖాయం చేసుకోవడానికే. బఫీ కోటు కలిపిన స్లైడ్లలో అన్నిటికంటే తక్కువ సమయంలో చదివింది దీన్నే.

బఫర్ పీహెచ్ తటస్థం వైపు జరిగితే ఎరుపు–ఆకుపచ్చ తేడా కరిగిపోయి అంతా పచ్చగా మిగులుతుంది. బ్యాక్టీరియా, ఈస్టు కూడా నారింజ రంగులో వెలుగుతాయి, మొగ్గ వేసిన ఈస్టును చూసి తొందరపడొద్దు. వెలుగు త్వరగా ఆరిపోతుంది, ఫొటో ముందే తీసుకోవాలి. రంగు డీఎన్ఏలోకి చొరబడే రకం, తూకం దగ్గర గ్లవ్స్, మాస్కు తప్పనిసరి.

18వ రోజు. పాప్

ఆరకముందే 95 శాతం ఇథనాల్, కనీసం 15 నిమిషాలు. హారిస్ హెమటాక్సిలిన్ 4 నిమిషాలు, 0.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒకట్రెండు ముంపులు, నీలం తేలేదాకా నీళ్లు. ఇథనాల్, ఓజీ-6లో (నారింజ రంగు) 2 నిమిషాలు, మళ్లీ ఇథనాల్ రెండు జార్లు, ఈఏ-50లో (రంగుల మిశ్రమం) 3 నిమిషాలు, ఇథనాల్, జైలీన్, డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు).

కశాభాలు వెతకొద్దు, మామూలు పాప్ స్మియర్‌లో అవి నిలవవు. మసక బూడిద నీలం ఒళ్లు, పక్కన పలచటి కేంద్రకం, ఒంట్లో ఎర్రటి రేణువులు. మూడూ ఉంటేనే. కేంద్రకం లేని నీలి తునకలు మ్యూకస్ కావచ్చు, చితికిన కణం ముక్కలు కావచ్చు. ఎపిథీలియల్ కణాల కేంద్రకాల చుట్టూ తెల్లటి వలయం, న్యూట్రోఫిల్స్ గుంపులు గుంపులుగా ఒక కణానికి అతుక్కోవడం, పక్కన జుట్టులాంటి లెప్టోథ్రిక్స్ బ్యాక్టీరియా, ఇవి ‘ఇంకా వెతుకు’ అని చెప్పే గుర్తులు. వాటితోనే పాజిటివ్ ఇవ్వకూడదు. లిక్విడ్ బేస్డ్ స్లైడులో కణం ఇంకా చిన్నగా, గుండ్రంగా కనిపిస్తుంది, కశాభం అప్పుడప్పుడు దక్కుతుంది. పాప్ గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ కోసం తీసేది. అందులో ట్రైకోమొనాస్ లేదంటే లేదని కాదు, ఉందనిపిస్తే వేరే పరీక్షతో ఖాయం చేయించాలి.

20వ రోజు. బెంచి పద్ధతి

ఒక్కో స్వాబ్‌కు: వెట్ మౌంట్ పది నిమిషాల్లోపు. అదే స్వాబ్‌తో రెండు పలచటి స్మియర్లు, ఒకటి జీమ్సాకు, ఒకటి గ్రామ్‌కు. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు ఉన్నచోట జీమ్సా బదులు ఆక్రిడిన్ ఆరెంజ్, అనుమానం వచ్చిన స్లైడుకే జీమ్సా. రోజూ కల్చర్ స్లైడు ఒకటి, బఫీ కోటు మాత్రమే వేసిన స్లైడు ఒకటి కంట్రోళ్లుగా. రెండోది మర్చిపోతారు. తప్పుడు పాజిటివ్‌ను పట్టిచ్చేది అదే.

కేంద్రకం, ఆకారం, ఇంకో గుర్తు (కశాభం, ఆక్సోస్టైల్, త్వచం, రేణువుల వరస, వీటిలో ఏదైనా) కలిసిన కణం కనీసం ఒకటి దొరికితేనే పాజిటివ్. లేకపోతే ‘ఈ స్లైడులో కనిపించలేదు’ అని రాయాలి. మగవాళ్ల నమూనాకు స్టెయిన్ స్లైడు మీద ఆధారపడొద్దు. మొదటి మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్ చేసినా దొరికేవి తక్కువ, ఎన్ఏఏటీకే పంపాలి.

చూడటం అయిపోయిన స్లైడ్లు క్రిమిరహితం చేశాక 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం గాజు కోసం పెట్టిన నీలం పెట్టెలోకి. దాచాల్సిన జీమ్సా స్లైడ్ల మీద ఆయిల్‌ను జైలీన్‌తో తుడిచి డీపీఎక్స్ పెట్టాం, ఆయిల్ అలాగే వదిలితే నెలల్లో రంగు దిగిపోతుంది.

మిగిలిన పని వానాకాలానిది. గాలిలో తేమ ఎక్కువున్న రోజుల్లో మూత సరిగా లేని మెథనాల్ నీరు పీలుస్తుంది. దానితో ఫిక్స్ చేస్తే కణాల్లో చెదపురుగు తిన్నట్టు తెల్ల చిల్లులు పడతాయి, అవి ట్రైకోమొనాస్ ఒంట్లోని వ్యాక్యూల్స్‌లా కనిపిస్తాయి. జూలైలో ఇవే స్మియర్లు మళ్లీ వేసి, కొత్త సీసా మెథనాల్‌తో ఒక వరస, తెరిచి నెలైన సీసాతో ఒక వరస పక్కపక్కన పెట్టాలి.